టెలిఫోన్ తీగలో రొద

జంట రాగితీగలపై మాటయు ఇంటర్నెట్టును ఒక్కసారిగా పయనించుట డీఎస్ఎల్ విద్యలోని చమత్కారము. టెలిఫోను మోసికొనిపోవు కంఠధ్వని 300 మొదలు 3,400 హెర్ట్జుల నడుమ ఇమిడిపోగా, డీఎస్ఎల్‌లో ఒక రకమగు ఏడీఎస్ఎల్ యొక్క సంకేతములు సుమారు 25 కిలోహెర్ట్జులకు పైనుండి రమారమి 1,100 కిలోహెర్ట్జుల వరకు వ్యాపించును. ఈ రెంటిని వేరుపరచు చిన్న పెట్టెయే స్ప్లిట్టరు. దానిమీద లైన్, ఫోన్, మోడెమ్ అని మూడు రంధ్రములుండును. పడకగదిలోని రెండవ ఫోనును స్ప్లిట్టరుకు ముందే తీగనుండి చీల్చి తగిలించిన గృహస్థునకు, రిసీవరు ఎత్తినంతనే బుసబుసమను రొద వినబడుటయు, ఫోను మ్రోగినప్పుడెల్ల ఇంటర్నెట్టు తెగిపోవుటయు సంభవించును. ప్రతి ఫోనును స్ప్లిట్టరు వెనుకకే చేర్చవలెను, లేదా దానికొక ప్రత్యేక ఫిల్టరు పెట్టవలెను.

అయినను రొద పోనిచో, మోడెమును ఊడదీసి వినుడు. అప్పటికిని నిలిచియున్నచో దోషము తీగలోనిదో, ఫోనులోనిదో యగును. మన ఊళ్లలో తొలివాన కురియగానే ఫోన్లు గరగరలాడుటకు తరచుగా కారణము అతుకులలో చేరిన తడియు, రాగిపై పట్టిన చిలుమును. క్రొత్త మోడెము కొన్నంత మాత్రమున చిలుము వదలునా! ఇంటిలోని తీగలనెల్ల విడదీసి, బయటినుండి వచ్చు లైనుకు మంచి ఫోను నొక్కదానిని తగిలించి చూచి, రొద అప్పుడును వినవచ్చినచో లైన్‌మన్‌ను పిలువుడు.