పిల్లలకు ఏ పుస్తకం కొనాలి?

ఊళ్లో తిరునాళ్ల. గాజుల కొట్టు పక్కన ఒక పుస్తకాల కొట్టు పెట్టారు. మూడో తరగతి చదివే కూతురు తల్లి కొంగు పట్టుకుని లాగింది.

"అమ్మా, బొమ్మల పుస్తకం కొనవే!"

ఆ తల్లికి చదువు ఈమధ్యనే వచ్చింది. రాత్రి బడిలో అక్షరాలు దిద్దుకుంది. ఇప్పుడు బస్సు బోర్డు చదువుతుంది. సంతకం చేస్తుంది. కాని పుస్తకం కొనాలంటే బెరుకు.

"ఏది మంచిదో నాకేం తెలుసమ్మా? మీ టీచరమ్మను అడిగి కొందాంలే" అంది. కూతురు ముఖం చిన్నబోయింది.

ఇలా వెనక్కి తగ్గే తల్లులు చాలామంది ఉన్నారు. అంత భయం అక్కర్లేదు. సంతలో వంకాయలు ఎలా ఏరుకుంటాం? చేతిలోకి తీసుకుంటాం. తిప్పి చూస్తాం. పుచ్చు ఉంటే పక్కన పెడతాం. పుస్తకమూ అంతే.

ముందు బొమ్మ చూడాలి

పుస్తకం తెరవగానే బొమ్మ కనబడాలి. బొమ్మ చూస్తే కథ కొంచెం తెలియాలి. కొంచెం దాగి ఉండాలి. "తర్వాత ఏమవుతుంది?" అని పిల్ల అడగాలి. అడిగిందంటే ఆ పుస్తకం మంచిదే.

అక్షరాలు పెద్దవిగా ఉండాలి. చిన్నపిల్లలకైతే పేజీకి రెండు మూడు వాక్యాలు చాలు. ఏదో ఒక పేజీ తల్లి తనకు తానే చదివి చూడాలి. తనకు అర్థమైతే పిల్లకూ అర్థమవుతుంది. కొత్తగా చదువు నేర్చినవాళ్లకు ఇదొక లాభం. ఏ మాట కష్టమో వాళ్లకే బాగా తెలుసు.

పాటల పుస్తకం ఎందుకు?

పాటలో మాటలు ఒకే రకంగా ముగుస్తాయి. దాన్ని ప్రాస అంటారు. మొదటి పాదం వింటే రెండో పాదం చివరి మాట పిల్ల తానే ఊహిస్తుంది. ఆ మాట మీద వేలు పెడితే చదవడం వచ్చేస్తుంది. నోటికి వచ్చిన పాటే కంటికీ వస్తుంది. చింతా దీక్షితులు పిల్లల కోసం రాసిన పాటలు 'లక్కపిడతలు' పేరుతో పుస్తకంగా వచ్చాయి.

వేమన పద్యాలు, సుమతీ శతకం చాలా ఇళ్లల్లో ఉంటాయి. చిన్న పద్యాలు. నాలుగు పాదాలే. చివర మకుటం వస్తుంది. అక్కడికి వచ్చేసరికి పిల్లలంతా గొంతు కలుపుతారు.

అయితే ఒక మాట. సుమతీ శతకంలో ఆడవాళ్లను చులకన చేసే పద్యాలు కొన్ని ఉన్నాయి. పాతది కాబట్టి అన్నీ ఒప్పుకోవాలని లేదు. అలాంటి పద్యం దాటేయవచ్చు. లేదా "ఇది న్యాయమేనా?" అని కూతుర్నీ కొడుకునూ అడగవచ్చు.

పెద్ద కథ కావాలంటే

పిల్లలు కాస్త పెద్దయ్యాక పెద్ద కథ అడుగుతారు. రోజుకు కొంచెం చదువుకునే కథలు ఉన్నాయి.

'బుడుగు' అలాంటిది. ముళ్లపూడి వెంకటరమణ రాశారు. బాపు బొమ్మలు వేశారు. అల్లరి పిల్లాడు తన కథ తానే చెబుతాడు. మనం మాట్లాడుకునే మాటలే ఉంటాయి. పైకి చదివితే ఇల్లంతా నవ్వుతుంది.

'చందమామ' పత్రిక 1947 జులైలో మొదలైంది. ఇప్పుడు రావడం లేదు. అందులో దాసరి సుబ్రహ్మణ్యం సాహస కథలు రాశారు. చిత్రా బొమ్మలు వేశారు. వాటిలో కొన్ని తర్వాత పుస్తకాలుగా వచ్చాయి.

'రైలుబడి' జపాను దేశపు కథ. జరిగిన కథ. రాసినామె తెత్సుకో కురొయనాగి. ఆమెను చిన్నప్పుడు, ఒకటో తరగతిలోనే, బడి నుంచి పంపేశారు. తల్లి ఆ సంగతి కూతురికి చెప్పలేదు. తిట్టలేదు. ఇంకో బడి వెతికింది. అక్కడ పాత రైలుపెట్టెలే తరగతి గదులు. హెడ్మాస్టరు ఆ పిల్లను కూర్చోబెట్టుకుని ఆమె చెప్పిందంతా ఓపిగ్గా విన్నారు. జపానులో ఈ పుస్తకం 1981లో వచ్చింది. "మా పిల్లకు చదువు రాదు" అని కుమిలిపోయే తల్లి ఇది తప్పక చదవాలి.

ఎక్కడ దొరుకుతాయి?

అన్నీ కొనక్కర్లేదు. దగ్గర్లో గ్రంథాలయం ఉంటే ముందు అక్కడ అడగాలి. కొనాలంటే నేషనల్ బుక్ ట్రస్ట్ పుస్తకాలు ఉన్నాయి. ఈ సంస్థను కేంద్ర ప్రభుత్వం 1957లో పెట్టింది. హైదరాబాదులో 'మంచి పుస్తకం' అనే సంస్థ పిల్లల పుస్తకాలు వేస్తోంది. ప్రథమ్ బుక్స్ వారి స్టోరీవీవర్‌లో తెలుగు బొమ్మల కథలు సెల్‌ఫోనులో ఉచితంగా చదువుకోవచ్చు.

చదివేటప్పుడు తడబడితే?

తడబడితే ఏం? ఆగి, కూడబలుక్కుని మళ్లీ చదవాలి. అమ్మ కూడా నేర్చుకుంటోందని పిల్లకు తెలుస్తుంది. తప్పు పోతే దిద్దుకోవచ్చని తెలుస్తుంది. అది మంచి పాఠమే.

కథంటే ఏముందిలే అనుకోకూడదు. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లాలో ఆడవాళ్లు అక్షరాలు నేర్చుకున్నారు. వాచకంలో సారా మీద పోరాడిన ఒక ఆడమనిషి కథ చదివారు. తామూ సారాకు ఎదురు నిలిచారు. ఉద్యమం రాష్ట్రమంతా పాకింది. 1993 అక్టోబరు 1న ప్రభుత్వం సారాను నిషేధించింది. చదివిన కథకు అంత బలం ఉంది.

తిరునాళ్లలో ఆ తల్లి నాలుగడుగులు వేసి ఆగింది. వెనక్కి వచ్చింది. ఒక పుస్తకం చేతిలోకి తీసుకుంది. మొదటి వాక్యం కూడబలుక్కుని పైకి చదివింది. కూతురు రెండో వాక్యం చదివింది.

"ఇది ఎంత బాబూ?" అని తల్లి అడిగింది.

ఆలోచించండి

1. మీ ఇంట్లో పిల్లల పుస్తకాలు ఎన్ని ఉన్నాయి?
2. మీ అమ్మమ్మ పాడిన పాట ఒకటి గుర్తు చేసుకోండి. దాన్ని మీరే రాసి, మీ పిల్లలతో చదివించండి.