ఇనుమా? రబ్బరా?

చేతుల్లేని బనియనును మన ఇళ్ళలో "శాండో బనియను" అంటాం. ఆ శాండో ఒక మనిషి పేరని తెలిసినవారు ఇప్పుడు తక్కువే. యూజెన్ శాండో (1867-1925) ప్రష్యాలో పుట్టి, ఇంగ్లండులో స్థిరపడ్డ వస్తాదు. 1905 ప్రాంతంలో మన దేశానికి కూడా వచ్చి ప్రదర్శనలిచ్చాడు. ఇనుప బరువులెత్తి పేరు సంపాదించిన ఆయనే, తలుపుకు తగిలించి లాగే రబ్బరుతాళ్ళ సాధనాన్ని కూడా తన పేరుతో అమ్మాడు. డంబెల్సు మంచివా, రెసిస్టెన్స్ బాండ్లు మంచివా అని కుర్రవాళ్ళు యీనాడు పడుతున్న తగవు కొత్తదేమీ కాదు. ఉభయపక్షాలవద్దా సొమ్ము పుచ్చుకున్న పెద్దమనిషి ఆనాడే వున్నాడన్నమాట!

మన వూళ్ళ తాలింఖానాల్లో దండీలు, బస్కీలు తీసేవారు, రాతిగుండ్లు ఎత్తేవారు. వీరఘట్టంలో పుట్టిన కోడి రామమూర్తినాయుడుగారు ఇనుపగొలుసులు తెంచి, కదిలే మోటారుకార్లను పట్టి ఆపిన కథలు మన తాతల నోట విన్నవే. రబ్బరు పట్టీ మాత్రం మనకు కొత్త చుట్టం.

రెంటికీ గల భేదం చూడాలంటే సీతాస్వయంవరం తలుచుకుంటే చాలు. ఆ శివధనుస్సును ముందు ఎత్తాలి, తరువాత ఎక్కుపెట్టి లాగాలి. ఎత్తడం ఇనుము పద్ధతి. లాగడం రబ్బరు పద్ధతి. 5 కిలోల డంబెల్ మొదట్లోనూ 5 కిలోలే, చివరా 5 కిలోలే. అయితే మోచేయి మడిచి పైకి తెచ్చేటప్పుడు, ముంజేయి నేలకు సమాంతరంగా వున్నచోట కండకు ఎక్కువ కష్టం. పైకి వచ్చేసరికి తేలిక. రబ్బరు అలా కాదు. వింటినారిలాగ, లాగినకొద్దీ బిగుస్తుంది. మొదట్లో దానికి పౌరుషమే వుండదు, చివర్లో చెయ్యి వణికిస్తుంది. ఇంకొకటి. ఇనుము ఎప్పుడూ కిందికే లాగుతుంది. రబ్బరును కిటికీ చువ్వకు కడితే అడ్డంగానూ లాగుతుంది, పైనుంచీ లాగుతుంది.

ఇక ఫలితం మాట. 2019లో బ్రెజిల్ పరిశోధకులు, అంతకుముందు జరిగిన అధ్యయనాలను కూర్చి చూసి, బలం పెరగడంలో రెండు పద్ధతులకూ చెప్పుకోదగ్గ తేడా లేదని తేల్చారు. కండకు కళ్ళు లేవు గదా! తన్ను లాగుతున్నది ఇనుమో రబ్బరో దానికేం తెలుసు? తనకు కష్టం కలుగుతున్నదా, ఆ కష్టం వారం వారం కాస్త పెరుగుతున్నదా అన్నదే దానికి పట్టింపు.

ఆ పెంచడంలోనే వుంది చిక్కు. ఇనుముమీద అంకె వుంటుంది. పోయిన నెల 5, ఈ నెల 6 అని నోటుపుస్తకంలో రాసుకోవచ్చు. రబ్బరుకు రంగే గుర్తు. ఒక కంపెనీ ఎరుపు, మరో కంపెనీ ఎరుపు ఒకటి కావు. పైగా అర అడుగు ముందుకు జరిగి నిలబడితే కష్టం తగ్గిపోతుంది. తన్ను తాను మోసం చేసుకోదలచినవాడికి ఇంతకన్న అనువైన వస్తువు లేదు! తొడలు బలిసిన యువకుడికి పట్టీలు త్వరలోనే చాలకుండా పోతాయి కూడా. శ్రీకాకుళం జిల్లా అమ్మాయి కరణం మల్లీశ్వరి 2000 సిడ్నీ ఒలింపిక్సులో స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జర్క్‌లో 130, వెరసి 240 కిలోలెత్తి కాంస్యం తెచ్చింది. ఆ స్థాయికి ఇనుమే కావాలి, పక్కన గురువూ కావాలి.

అయితే మన ఇళ్ళలో అసలు అవసరం పతకాల వారిది కాదు. నేలమీద కూర్చుని, గోడ పట్టుకుంటేగాని లేవలేని బామ్మగారిది. వయసుతో కండ కరుగుతుంది. "ఈ వయసులో నాకు కసరత్తా?" అని ఆవిడ నవ్వవచ్చు. 1990లో బోస్టన్‌లో డాక్టర్లు 90 యేళ్ళ ప్రాంతపు వృద్ధుల చేత 8 వారాలు తొడకండరాలకు గట్టి బరువులతో సాధన చేయించారు. 10 మంది మొదలుపెడితే 9 మంది పూర్తిచేశారు. బలం సగటున 174 శాతం పెరిగింది. ఇద్దరు చేతికర్ర వదిలేశారు. మానేసిన 4 వారాల్లో ఆ బలంలో 32 శాతం పోయిందట, అదీ చెప్పుకోవాలి.

బామ్మగారికి నేనైతే మొదట రబ్బరే ఇస్తాను. చేయి జారితే కాలిమీద పడదు. కుర్చీలో కూర్చుని పాదాల కింద పట్టీ వేసుకుని, బావిలో చేద తోడినట్లు రెండు చేతులా లాగవచ్చు. మెల్లగా లాగాలి, అంతకన్న మెల్లగా వదలాలి. ఊపిరి బిగబట్టకూడదు, రక్తపోటు, గుండెజబ్బు వున్నవారు డాక్టరును అడిగాకే మొదలుపెట్టాలి. వారానికి కనీసం 2 రోజులు కండలకు పని చెప్పమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో పెద్దలందరికీ సూచించింది. అమ్మాయిలు బరువులెత్తితే మగరాయుళ్ళవుతారన్న భయానికి ఆధారం లేదు.

రబ్బరుతో వున్న ముఖ్యమైన అపాయం, తెగడం. తెగిన కొస సూటిగా కంటికి తగలవచ్చు. కనుక లాగబోయేముందు పొడుగునా వేళ్ళతో తడిమి చూడాలి. సన్నని చీలిక కనబడినా పారెయ్యాలి. తలుపుకు కడితే, మీరు లాగే వైపుకు తెరుచుకునే తలుపుకు కట్టవద్దు. మన ఎండలకు రబ్బరు పెళుసెక్కుతుంది. బట్టల దండెంమీద ఆరవెయ్యక, కాస్త పౌడరు చల్లి బీరువాలో పెట్టుకోండి.