ముక్క చిన్నది... జాగ్రత్త పెద్దది!

ఫార్మాలిన్... చేపల వ్యాపారంలో ఉన్నవాళ్లకు 2018లో బాగా వినిపించిన పేరు. చేపలు పాడవకుండా ఈ రసాయనం కలుపుతున్నారన్న ఆరోపణతో ఆ ఏడాది జులైలో అస్సాం ఆంధ్రా చేపల్ని కొన్నాళ్లు రానివ్వలేదు. పళ్లెంలోని చేపలో ఉండకూడని ఆ ఫార్మాలిన్, తప్పకుండా ఉండాల్సిన చోటు ఒకటుంది. అదే ‘ముక్క పరీక్ష’ చేసే హిస్టోపాథాలజీ ల్యాబ్!

గడ్డో, గర్భసంచో తీసేశాక అందులో ముక్కను పరీక్షకు పంపుతారు. ఫార్మాలిన్‌లో గట్టిపడిన ముక్కలోంచి నీరు తీసి, మైనంలో పొదిగి, మైక్రోటోమ్‌తో 3 నుంచి 5 మైక్రాన్ల మందాన కోస్తారు. తలవెంట్రుక కంటే ఎన్నో రెట్లు పలుచన! రంగులద్ది మైక్రోస్కోపులో చూస్తే క్యాన్సరో కాదో తేలుతుంది.

సీసా మీ చేతికిస్తే...

ఆ సీసాను ల్యాబ్‌కు చేర్చే పని చాలాసార్లు బంధువులదే. దివిసీమ నుంచైతే పులిగడ్డ దాటి బందరుకో, బెజవాడకో బస్సెక్కాలి. ఒంటి నుంచి వేరైన ముక్క వెంటనే పాడవడం మొదలవుతుంది. మన ఉక్కకు మరీ త్వరగా. అది కాస్తా పాడైతే మళ్లీ తీయడానికి గడ్డ ఉండదు. అందుకే...

* సీసాలో ఉన్నది ఫార్మాలినేనా అని అడగండి. క్షయ కల్చర్ పరీక్షకు మాత్రం ఫార్మాలిన్ పనికిరాదు. దానికి వేరే సీసా ఇస్తారు.

* ముక్కకు కనీసం 10 రెట్లు ద్రవం ఉండాలి. మూతి వెడల్పుగా ఉండాలి. గట్టిపడ్డ ముక్క ఇరుకు మూతిలోంచి బయటికి రాదు.

* పేరు, వయసు, ఏ భాగమన్నది సీసా మీదే రాయించండి. మూత మీద రాస్తే మూతలు మారొచ్చు.

* ఐసులో పెట్టి గడ్డకట్టనివ్వొద్దు.

* కూల్‌డ్రింక్ సీసాలో ఎప్పుడూ పోయొద్దు. పిల్లలు నీళ్లనుకుని తాగితే ప్రాణాపాయం. తాగితే వాంతి చేయించకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి. కంట్లో పడితే 15 నిమిషాలు నీటితో కడిగి, డాక్టరుకు చూపించాలి.

ల్యాబ్‌లోనూ...

ఫార్మాలిన్‌లో ఉండే ఫార్మాల్డిహైడ్ మనుషుల్లో క్యాన్సర్ తెప్పిస్తుందని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లో తేల్చింది. మామూలు మాస్కు ఆ ఆవిరిని ఆపలేదు. గాలిని బయటికి లాగే ఫ్యూమ్‌హుడ్, చేతులకు గ్లవ్స్ తప్పనిసరి. ఇక జైలీన్... 27 డిగ్రీల దగ్గర్నుంచే దాని ఆవిరి నిప్పు తగిలితే అంటుకుంటుంది. 40 దాటే బందరు ఎండల్లో ఆ గదిలో మంట ఊసే ఉండకూడదు. వాడేసిన ద్రవాల్ని నేరుగా కాలువలో పారబోయడమూ 2016 నాటి నిబంధనలకు విరుద్ధమే. మచిలీపట్నంలో 2023లో 150 సీట్లతో ప్రభుత్వ వైద్య కళాశాల మొదలైంది. అక్కడ చేరే పిల్లలు మొదటి ఏడాదిలోనే నేర్వాల్సిన జాగ్రత్తలివి.

రిపోర్టుకు అన్ని రోజులా అంటే... ఫార్మాలిన్ గంటకు సుమారు ఒక మిల్లీమీటరే లోపలికి దిగుతుంది. ఎముకైతే ముందు మెత్తబరచాలి, దానికే రోజులు పడుతుంది. తొందరపెడితే నష్టం రోగికే. మరో మాట... పెద్దాసుపత్రిలో రెండో అభిప్రాయం కావాలంటే మళ్లీ కోత అక్కర్లేదు. మొదటి ల్యాబ్‌ని స్లైడ్లు, మైనం బ్లాకు అడిగి తీసుకెళ్తే చాలు.