రేణువు మచ్చ కాదు

పాత సినిమాకు కొత్త డిస్క్ వచ్చినా, ఓటీటీలో కొత్త కాపీ పెట్టినా మనం ముందుగా అనే మాట "ప్రింట్ క్లీన్‌గా ఉంది, అద్దంలా ఉంది" అని. ఆ మెచ్చుకోలు వెనక ఒక అపోహ గట్టిగా పాతుకుపోయింది. తెర మీద సన్నగా కదలాడే గ్రెయిన్ అంతా పాతబడటం వల్ల పట్టిన మకిలి అనీ, దాన్ని తుడిచేస్తే అసలు బొమ్మ బయటపడుతుందనీ చాలామంది నమ్మకం. నిజానికి ఫిల్మ్ మీది పూతలో ఉండేవి వెండి లవణాల స్ఫటికాలు. వెలుతురు తగిలిన స్ఫటికాలే డెవలపింగ్‌లో నల్లని వెండి రేణువులవుతాయి. కలర్ ఫిల్మ్‌లోనైతే ఆ వెండి చుట్టూ రంగు మబ్బులు కట్టాక వెండిని కడిగేస్తారు. అంటే రేణువు బొమ్మ మీద వచ్చి వాలింది కాదు, బొమ్మ అయిందే రేణువులతో. దాన్ని తుడవమనడం పిండిని ఊడ్చేసి ముగ్గును మాత్రం ఉంచమన్నట్టే. గీతలు, దుమ్ము, బూజు, చిరుగులు వేరే సంగతి. అవి తర్వాత వచ్చినవి, తీసెయ్యాల్సినవే. చిక్కు ఎక్కడంటే, దుమ్ములాగే గ్రెయిన్ కూడా ఒక ఫ్రేములో ఉన్నట్టు పక్క ఫ్రేములో ఉండదు. అందుకే సాఫ్ట్‌వేర్‌కు రెండూ చెత్తగానే కనిపిస్తాయి. పట్టు బిగిస్తే గ్రెయిన్‌తో పాటు చీర నేత, నుదుటి ముడత, చెంప మీది చెమట కూడా కొట్టుకుపోతాయి.

దీనికి అందరికీ తెలిసిన సాక్ష్యం 1987 నాటి హాలీవుడ్ చిత్రం 'ప్రిడేటర్'. 2010లో వచ్చిన బ్లూరేలో గ్రెయిన్‌ను ఎంతగా గీకేశారంటే, అడవిలో చెమటలు కక్కుతూ నడిచే ష్వార్జ్‌నెగ్గర్ ముఖం మైనపు బొమ్మలా తయారైంది. 1970 నాటి 'ప్యాటన్' 2008 బ్లూరే మీదా ఇదే ఫిర్యాదు. ఆ చిత్రం తీసింది వెడల్పైన 65 ఎం.ఎం. నెగెటివ్ మీద. అసలే గ్రెయిన్ తక్కువగా ఉన్న బొమ్మను నునుపు చేయబోయి వివరాన్ని పోగొట్టారు. 2012లో మళ్లీ విడుదల చేసినప్పుడు గానీ అది బాగుపడలేదు. ఇప్పుడు కృత్రిమ మేధ వచ్చి ఇంకో అడుగు ముందుకు వేసింది. అది చెరిపి ఊరుకోదు, చెరిపినచోట కనురెప్పలనూ వెంట్రుకలనూ ఊహించి గీస్తుంది. 'ఏలియన్స్', 'ట్రూ లైస్' 4కె డిస్కులు 2024లో వచ్చినప్పుడు రేగిన వివాదం దీని మీదే. కెమెరా ముందు లేని వెంట్రుకను ఎంత అందంగా గీసినా దాన్ని పునరుద్ధరణ అనడానికి నాకు మనసొప్పదు.

"ఆ రోజుల్లో వేరే దారి లేక గ్రెయిన్‌ను భరించారు, ఇప్పటి సదుపాయం ఉంటే వాళ్లే తీసేసేవారు కదా" అనే వాదన ఒకటి ఉంది. కొట్టిపారేయదగ్గది కాదు. కానీ ఆనాటి ఛాయాగ్రాహకుడు చేతిలో ఉన్న ఫిల్మ్ స్వభావం తెలిసే లైట్లు పెట్టాడు. మేకప్, బట్టల రంగులు, సెట్టు గోడల పూత అన్నీ ఆ ఫిల్మ్‌ను చూసుకుని కుదిర్చినవే. ఒక్కటి లాగేస్తే మిగతావి వెలవెలబోతాయి. "మరి థియేటర్లో ఇంత గ్రెయిన్ కనిపించలేదే" అనే ప్రశ్నకు మాత్రం కొంత ఒప్పుకోవాలి. థియేటర్‌కు చేరే ప్రింట్ నెగెటివ్ నుంచి రెండు మూడు తరాలు దిగి వచ్చేది. సన్నని వివరం దారిలోనే మెత్తబడేది. నేరుగా నెగెటివ్‌ను స్కాన్ చేస్తే ఆనాటి ప్రేక్షకుడు చూడనిదీ కనిపిస్తుంది. అయినా ఇంట్లో కంటిని ఇబ్బంది పెట్టేది చాలాసార్లు గ్రెయిన్ కాదు, పాడైన గ్రెయిన్. టీవీలో షార్ప్‌నెస్ పెంచి ఉంచితే ప్రతి రేణువూ ఇసుకలా గరగరలాడుతుంది. నెట్‌లో తక్కువ డేటాతో వచ్చే వీడియో దాన్ని మోయలేక గళ్లు గళ్లుగా ముక్కలు చేస్తుంది.

ఇక 4కె అనే ముద్ర. 2022లో 'పోకిరి', 'జల్సా' 4కె పేరుతో మళ్లీ థియేటర్లకు వచ్చాక ఈ మాట మన ఊళ్లలో పిల్లలకూ తెలిసిపోయింది. 4కె ఫ్రేములో సుమారు 83 లక్షల చుక్కలుంటాయి. పాల్ (PAL) అనే టీవీ పద్ధతి డీవీడీలో ఉండేవి దాదాపు 4 లక్షల 15 వేలు, అంటే సరిగ్గా ఇరవయ్యో వంతు. డీవీడీని సాగదీసి 4కె చేస్తే, ప్రతి 20 చుక్కల్లో 19 లెక్క కట్టి పూరించినవే. అలాగని పాత సినిమాకు ఆ స్పష్టత రాదనుకోవడం కూడా పొరపాటే. సత్యజిత్ రాయ్ చిత్రాల నెగెటివ్‌లు 1993లో లండన్‌లోని ల్యాబ్ అగ్నిప్రమాదంలో కాలిపోయాయి. మిగిలిన రీళ్లను ఆస్కార్ అకాడమీకి చెందిన ఫిల్మ్ ఆర్కైవ్ పారేయకుండా దాచింది. పెళుసుబారిన ఆ ఫిల్మ్‌కు ఇటలీలోని బొలోన్యా ల్యాబ్‌లో మళ్లీ తేమ పట్టించి, అంచు రంధ్రాలనూ అతుకులనూ చేత్తో బాగుచేయడానికి దాదాపు వెయ్యి గంటలు పట్టింది. 1955 నాటి 'పథేర్ పాంచాలీ'లో సుమారు 40 శాతం ఆ కాలిన నెగెటివ్ నుంచే వచ్చింది. మిగతాది దాని నకళ్లైన డూప్ నెగెటివ్‌లు, ఫైన్ గ్రెయిన్ మాస్టర్ల నుంచి తీసుకున్నారు. 2015లో చూపించిన ఆ 4కె బొమ్మకు విలువ అంకె వల్ల రాలేదు. అందుకే డిస్క్ అట్ట మీద మొదట వెతకాల్సింది ఎన్ని 'కె'లు అని కాదు, దేన్ని స్కాన్ చేశారు అని.

రెండు కాపీలను పక్కపక్కన పెట్టి, రంగులు దట్టంగా ఉన్నదే గొప్పదనడం మరో అలవాటు. ఈస్ట్‌మన్ కలర్ ప్రింట్లలో నీలిఛాయ ముందుగా వెలిసి బొమ్మంతా ఎర్రబారుతుంది, దాన్ని సరిదిద్దాల్సిందే. కానీ ఎంతవరకు? 'ఫ్రెంచ్ కనెక్షన్' 2009 బ్లూరేకు దర్శకుడు విలియం ఫ్రీడ్‌కిన్ తానే కూర్చుని రంగులు మార్చారు. ఛాయాగ్రాహకుడు ఓవెన్ రాయిజ్‌మన్ అది తాను తీసిన బొమ్మ కాదని బహిరంగంగా అభ్యంతరం చెప్పారు. 2012లో రంగులు సరిచేసి కొత్త డిస్క్ తెచ్చారు. దర్శకుడి ఆమోదం ఉన్నంత మాత్రాన అది నాటి బొమ్మ అయిపోదు. నిడివి తేడా చూసి "సీన్లు కోసేశారు" అనడమూ తొందరపాటే. సెకనుకు 24 ఫ్రేముల సినిమాను పాల్ వీడియోలో 25 చొప్పున నడిపిస్తారు. మూడు గంటల సినిమా ఒక్క ఫ్రేమూ పోకుండానే ఏడు నిమిషాలు ముందే ముగుస్తుంది.

మన ఇంటి ఉదాహరణ 'మాయాబజార్'. 1957 నాటి ఈ నలుపు తెలుపు చిత్రం 2010లో రంగులద్దుకుని సినిమాస్కోప్ ఆకారంలో వచ్చింది. కొత్త తరం చాలామంది దాన్ని అలాగే చూశారు. ఆ మేలును కాదనను. కానీ ఆ కాలపు దాదాపు చతురస్రపు ఫ్రేము స్కోప్ తెరను నింపాలంటే ఎత్తులో నలభై శాతం దాకా కోయాలి, లేదా బొమ్మను సాగదీయాలి. పడవ పాటలో ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్లే సృష్టించిన వెన్నెలకు రంగు అక్కర్లేదు. నీటి మీది తళుకుకూ ముఖాల మీది నీడకూ మధ్య ఆయన పేర్చిన బూడిద ఛాయల మెట్లే ఆ వెన్నెల. రంగుల కాపీ కావాలనుకున్నవాళ్లు చూడనీ, దాని పక్కనే ఆ బూడిద ఛాయలతో, పైనా కిందా కోత పడని ఫ్రేముతో, గ్రెయిన్ చెక్కుచెదరని కాపీ కూడా అందరికీ దొరకాలి.