ప్రయాణములలో వంటగ్యాసు

ఇల్లు విడిచి పది దినములు బయట నుండవలసిన వారికి నీటి తరువాత ముఖ్యమైనది నిప్పు. మార్కాపురము, గిద్దలూరు ప్రాంతముల వారికి ఈ సంగతి వేరుగ చెప్పనక్కరలేదు. వర్షములు చాలని యేట మన గ్రామముల నుండి యెన్నియో కుటుంబములు మిరపకాయలు కోయుటకు గుంటూరు, పల్నాడు వైపునకును, కట్టడపు పనులకు హైదరాబాదు, బెంగుళూరు నగరములకును పోవుచుండును. మఱికొందఱు దోర్నాల మీదుగ శ్రీశైలమునకు యాత్ర సాగింతురు. లారీలు నడపువారు త్రోవప్రక్కనే వంట చేసికొందురు. అమెరికా మొదలగు దేశములలో కొందఱు పడక, వంటయిల్లు అమర్చిన మోటారు బండ్లలోనే నెలల తరబడి నివసించుచు, ప్రొపేను అను వాయువును సిలిండర్లలో వెంట తీసికొని పోవుదురు. వారి బండి వేరు, మన ట్రాక్టరు ట్రాలీ వేరు. అయినను ఉభయులకును ప్రశ్నలు మూడే. సిలిండరులో ఎంత గ్యాసు మిగిలియున్నది? అయిపోయినచో మరల ఎక్కడ దొరకును? అపాయము లేకుండ దానిని ఎట్లు తీసికొని పోవలెను? ఈ మూడింటిని గూర్చి నాకు తెలిసినంత వివరించెదను.

ఒక జనవరి మాసమున, బడికి రాని మా తరగతి విద్యార్థి నొకనిని చూచుటకు పల్నాటిలోని మిరపతోట యొద్దకు పోయితిని. అతని కుటుంబము ట్రాలీపై టార్పాలిను కప్పుకొని అందే కాపురముండెను. వేకువజామున తల్లి టీ పెట్టబోగా మంట సన్నగిల్లెను. తండ్రి, "గ్యాసు అయిపోయినది, కొంచెము వంచినచో వచ్చును," అని చిన్న సిలిండరును పట్టుకొని తలక్రిందుగ వంచెను. వెంటనే మంట గుప్పున లేచి టార్పాలిను అంచును తాకెను. దాని క్రిందనే బాలుని చెల్లెలు నిద్రించుచుండెను. తండ్రి రెగ్యులేటరును ఆర్పివేయుటచేత దైవవశమున ఎవరికిని హాని కలుగలేదు. కొంతసేపటికి ఆయన, "మాష్టరుగారూ, ఖాళీ సిలిండరులో నుండి అంత మంట ఎట్లు వచ్చినది?" అని అడిగెను.

దానికి ప్రత్యుత్తరము సిలిండరు లోపలనే యున్నది. మన వంటగ్యాసు ప్రొపేను, బ్యూటేను అను రెండు వాయువుల మిశ్రమము. అధిక పీడనమున అవి ద్రవముగ మారి సిలిండరు అడుగున నుండును; పైభాగమున వాయువుండును. సిలిండరు నిటారుగ నున్నప్పుడు పొయ్యికి వచ్చునది పైనున్న వాయువు మాత్రమే. వంచినప్పుడు ద్రవమే గొట్టములోనికి దిగును. ఈ ద్రవము వాయువుగ మారునప్పుడు సుమారు 250 రెట్లు వ్యాపించును గనుక చిన్న మంట క్షణములో పెనుమంట యగును. ఇక మంట మొదట సన్నగిల్లుటకు కారణము వెదకగా, రబ్బరు గొట్టము బియ్యపు మూట క్రింద నలిగియుండెను. సిలిండరును కదల్చగానే నలుగు విడిపోయి, వాయువుతోపాటు ద్రవమును పొయ్యిని చేరెను. మంట తగ్గినంత మాత్రమున గ్యాసు అయిపోయినదని తలంపరాదు. గొట్టము నలిగియుండవచ్చును, బర్నరు రంధ్రములలో మట్టి చేరియుండవచ్చును, మిక్కిలి చలిగానున్నచో ద్రవము తగినంత వేగముగ వాయువు కాకపోవచ్చును. ఏ కారణముచేతనైనను సిలిండరును పరుండబెట్టుటగాని, నిప్పుసెగకు చూపుటగాని చేయరాదు.

మిగిలిన గ్యాసు నెఱుగుటకు నమ్మదగిన సాధనము త్రాసు. పీడనము చూపు గడియారపు ముల్లు ఇందుకు పనికిరాదు. లోపల ద్రవము కొంచెమున్నను, ఖర్చయిన వాయువునకు బదులుగ మఱికొంత ద్రవము ఆవిరియగుచుండుటచేత పీడనము ఇంచుమించు ఒకే తీరుగ నుండును. బరువు మాత్రము అబద్ధమాడదు. ప్రతి సిలిండరు పైభాగమున ఖాళీ పాత్ర బరువు వ్రాయబడి యుండును. ఆనాడు ఆ బాలుని చేతనే మిరప బస్తాలు తూచు కాటాపై సిలిండరును పెట్టించితిని. పాత్రపై 7.2 కిలోలని యున్నది, కాటా 9.6 కిలోలు చూపెను. తీసివేత చేసి వాడు, "అయ్యా, ఇంకను 2.4 కిలోలున్నది!" అని కేకవేసెను. సాధారణమైన బర్నరు పెద్దమంటపై గంటకు సుమారు 150 గ్రాములు కాల్చునని లెక్కించినచో అది 16 గంటలకు వచ్చును. దినమునకు మూడు గంటలు వంట చేయువారికి అయిదు దినములు చాలును. బయలుదేరునాడును, మధ్యలో నొకసారియు ఇట్లు తూచి కాగితముపై వ్రాసికొనువారికి నడిత్రోవలో గ్యాసు అయిపోవుట యుండదు.

ఇక మరల నింపుకొనుట. అమెరికాలో మోటారు ఇంటివారు చాలమంది తమ సిలిండరును అమ్మకపు స్థలమునకు తీసికొనిపోయి అందులోనే గ్యాసు పోయించుకొందురు. మన దేశమున పద్ధతి వేరు. ఖాళీ సిలిండరు నిచ్చి, కర్మాగారమున నింపి ముద్రవేసిన వేరొక సిలిండరు పుచ్చుకొనుటయే మన యాచారము. ఇంటి కనెక్షనుపై వచ్చు 14.2 కిలోల సిలిండరు ఆ యింటి వంటకే ఉద్దేశింపబడినది. వ్యాపారమునకు దానిని వాడుట నిషిద్ధము. వలసపోవువారి కొఱకు 2013వ సంవత్సరము నుండి 5 కిలోల చిన్న సిలిండరును విడిగా అమ్ముచున్నారు. దీనికి స్థిరమైన చిరునామా చూపనక్కరలేదు. గుర్తింపు కార్డు చాలును. గ్యాసు డీలర్ల యొద్దను, కొన్ని పెట్రోలు బంకులలోను అది దొరకును. పై లెక్క ప్రకారము నిండు చిన్న సిలిండరు 33 గంటలు, అనగా దినమునకు మూడు గంటల చొప్పున పదునొకండు దినములు వచ్చును.

పుచ్చుకొనునప్పుడు నాలుగు సంగతులు చూడవలెను. ముద్ర చెడకుండవలెను. తూకము సరిపోవలెను. వాల్వులోని రబ్బరు ఉంగరము చెక్కుచెదరకుండవలెను. సిలిండరుపై అక్షరముతో కూడిన సంవత్సరపు అంకె యుండును. అది మరల పరీక్ష చేయవలసిన గడువు. ఎ అనగా మార్చి, బి జూను, సి సెప్టెంబరు, డి డిసెంబరు నెలల చివర. గడువు దాటిన దానిని తీసికొనరాదు. మన రెగ్యులేటరు దానికి అమరునో లేదో అక్కడనే చూచుకొనుట మంచిది. అడవిమార్గమున పోవువారు మార్కాపురములోనో గిద్దలూరులోనో ఈ పని ముగించుకొనవలెను. దోర్నాల దాటి శ్రీశైలపు ఘాటులో గాని, గిద్దలూరు నుండి నంద్యాలకు పోవు కనుమలో గాని సిలిండరు కొఱకు వెదకుకొనుట వృథాశ్రమ.

కొందఱు పెద్ద సిలిండరులోని గ్యాసును చిన్న సిలిండరులోనికి గొట్టముతో ఒంపించుకొందురు. చౌకయని తోచును గాని ఇది చట్టవిరుద్ధము, ప్రాణాంతకము. కర్మాగారమున సిలిండరును నిండుగ నింపక, ద్రవము వేడికి ఉబ్బుటకై కొంత ఖాళీ విడుతురు. చేతితో ఒంపువానికి ఈ ఖాళీ యెంతయో తెలియదు. అధికముగ నింపిన సిలిండరు మన మార్కాపురపు మే నెల యెండలో నున్నప్పుడు, ద్రవమునకు ఉబ్బ తావు లేక ఇనుమే చీలవచ్చును. ఒంపునప్పుడు కారిన గ్యాసు ఒక్క నిప్పురవ్వకు అంటుకొనుట వేరొక అపాయము.

తీసికొని పోవునప్పుడు సిలిండరు నిటారుగ, దొర్లకుండ త్రాటితో కట్టబడి, మూతబిగించి, గాలి తగులుచోట నుండవలెను. రెగ్యులేటరును విడదీయవలెను. నడచుచున్న బండిలో పొయ్యి వెలిగింపరాదు. ప్రయాణికుల బస్సులో సిలిండరు పెట్టరాదు. యాత్రకు పోవు బృందములు వంటసామగ్రిని వేరు బండిలో పంపవలెను. అడవిలో నిప్పు రాజేయుట కూడదు. వంట ఊరిలోనే ముగించుకొనవలెను. రైలులో సిలిండరును తీసికొనిపోవుట 1989వ సంవత్సరపు రైల్వే చట్టము ప్రకారము నేరము. మూడు సంవత్సరముల వరకు చెఱసాల శిక్ష పడవచ్చును. 2023 ఆగస్టు 26వ తేదీ వేకువజామున మదురై స్టేషను యార్డులో నిలిచియున్న యాత్రికుల రైలుపెట్టె యొకటి అంటుకొని తొమ్మండుగురు మరణించిరి. లక్నో నుండి వచ్చిన ఆ పెట్టెలోనికి రహస్యముగ తెచ్చిన గ్యాసు సిలిండరే కారణమని రైల్వేవారు ప్రకటించిరి. ఒక గ్లాసు టీ కొఱకు అంత మూల్యము చెల్లింపవలసివచ్చెను. వలసపోవు మనవారు రైలెక్కునప్పుడు సిలిండరును డీలరునకు అప్పగించి, చేరినచోట వేరొకటి కొనుక్కొనుటయే క్షేమము.

గ్యాసునకు స్వతస్సిద్ధముగ వాసన లేదు. కారినప్పుడు తెలియుటకై దుర్వాసనగల ద్రవ్యము కలుపుదురు. ఇది గాలికంటె బరువైనది గనుక నేలను అంటిపెట్టుకొని, ట్రాలీ అడుగునను పరుపుల క్రిందను నిలుచును. వాసన వచ్చినచో దీపము వేయరాదు, ఆర్పరాదు, అగ్గిపుల్ల గీయరాదు. రెగ్యులేటరును ఆర్పి, పిల్లలను ముందుగ దింపి, సిలిండరును ఆరుబయట నుంచి, 1906 అను సంఖ్యకు ఫోను చేయవలెను. కారుచోటు తెలియవలెనన్న సబ్బునీరు పూయుడు. బుడగలు లేచినచోటే కారుచున్నది. అగ్గిపుల్లతో మాత్రము పరీక్షింపకుడు.

కోతలు ముగిసిన పిమ్మట ఆ బాలుడు మరల బడికి వచ్చెను. నన్ను చూడగానే, "అయ్యా, ప్రతి ఆదివారము కాటా వేసితిమి. ఒక్కనాడును పొయ్యి ఆరలేదు," అని చెప్పెను. తీసివేత లెక్క వానికి తరగతిగదిలో ఎన్నడును అంత బాగుగ రాలేదు. చదువరులారా, ఈ పత్రికను చదువలేని తలిదండ్రులు మీ యిండ్లలో నున్నయెడల, వలస బండి కదలక మునుపే ఈ సంగతులను వారికి చదివి వినిపింపుడు. సిలిండరుపై వ్రాసిన అంకెను చూపి, తూచి చెప్పుడు. మీరు నేర్చిన అక్షరము, లెక్క టార్పాలిను క్రింద నిద్రించు పసిబిడ్డను కాపాడగలవు.