ఇంట్లో కంప్యూటర్ హోరెత్తుతోందా? కొత్తది కొనే ముందు ఇవి చూసుకోండి

ఎండాకాలం వచ్చిందంటే హైదరాబాద్‌లో చాలా ఇళ్లలో ఒకటే ఫిర్యాదు. కంప్యూటర్ ఆన్ చేసిన పది నిమిషాలకే హోరు మొదలవుతుంది. పగలంతా దుకాణం చూసుకుని రాత్రి ట్యాలీలో లెక్కలు రాసుకునేవాళ్లు, నెలలో 20వ తేదీ దగ్గరపడుతుంటే జీఎస్టీ రిటర్నుల పని ఇంటికి తెచ్చుకునే అకౌంటెంట్లు, పరీక్షలకు వీడియో పాఠాలు వినే పిల్లలు.. చాలామందికి ఉన్నది ఒకటే గది. అదే గదిలో పసిపిల్లలు, పెద్దవాళ్లు పడుకోవాలి. ఆ హోరులో అటు నిద్ర ఉండదు, ఇటు పని సాగదు. ఆఖరికి ‘ఇది పాతబడిపోయింది, కొత్తది తీసుకోండి’ అని ఎవరో ఒకరు అంటారు. వేల రూపాయల ఖర్చు నెత్తిన పడుతుంది.

నిజానికి చాలా సందర్భాల్లో కంప్యూటర్ చెడిపోయి ఉండదు. లోపల పుట్టిన వేడి బయటికి పోయే దారి మూసుకుపోయి ఉంటుంది. దారి మూసుకుపోయింది కాబట్టి ఫ్యాన్ ఎక్కువ వేగంతో తిరుగుతుంది. అంటే హోరు తగ్గాలంటే ముందు వేడి సంగతి చూడాలి. ఆ పని పెద్ద ఖర్చు లేకుండానే అవుతుంది.

వేడి ఎక్కడ పుడుతుంది?

మన దగ్గర పెట్టె మొత్తాన్ని ‘సీపీయూ’ అనేస్తాం. అసలు సీపీయూ అంటే మదర్ బోర్డ్ మీద ఉండే చిన్న ప్రాసెసర్ చిప్పు. దాని మీద లోహపు రెక్కల హీట్ సింక్, ఆ పైన ఒక ఫ్యాన్ ఉంటాయి. గ్రాఫిక్స్ కార్డ్ ఉంటే దానికి వేరే ఫ్యాన్లు. వెనక వైపు ఎస్ఎంపీఎస్‌లో ఒక ఫ్యాన్. వేడి గాలిని బయటికి తోసేందుకు క్యాబినెట్‌కు ఒకటో రెండో ఫ్యాన్లు. హార్డ్ డిస్క్ ఉంటే అదీ తిరుగుతూ కొంత చప్పుడు చేస్తుంది.

ముందుగా ఏది అరుస్తోందో తెలుసుకోవాలి. పక్క మూత తీసి, దగ్గరగా చెవి పెట్టి వింటే చాలావరకు తెలిసిపోతుంది. గాలి హోరు అయితే ఫ్యాన్ వేగం ఎక్కువైందని అర్థం. గరగరమనే శబ్దం అయితే ఆ ఫ్యాన్ బేరింగ్ అరిగిపోయింది, దాన్ని మార్చాల్సిందే. గుయ్యిమనే ప్రకంపన అయితే ఎక్కడో స్క్రూ వదులై రేకు అదురుతోందని అర్థం. వినేటప్పుడు వేళ్లు, దుపట్టా, వదులుగా ఉన్న చేతి గుడ్డ ఫ్యాన్‌కు దూరంగా ఉంచుకోవాలి.

ఎండాకాలం లెక్క

ఫ్యాన్‌తో చల్లబరిచే ఏ కంప్యూటరూ గది కంటే చల్లగా ఉండదు. ఈ ఒక్క మాట గుర్తుంచుకుంటే సగం గందరగోళం పోతుంది. చలికాలంలో గది 25 డిగ్రీలు ఉన్నప్పుడు ఒక ప్రాసెసర్ 70 డిగ్రీలకు చేరుతోందనుకుందాం. అంటే గది కంటే 45 డిగ్రీలు ఎక్కువ. మే నెలలో గది 38 డిగ్రీలకు వస్తే అదే పనికి, అదే ఫ్యాన్ వేగానికి ప్రాసెసర్ దాదాపు 83 డిగ్రీలకు పోతుంది. కంప్యూటర్‌లో ఏ లోపమూ రాలేదు, ఎండ మాత్రమే పెరిగింది. ఆ 13 డిగ్రీలను తగ్గించడానికి ఫ్యాన్ వేగం పెంచుకుంటుంది. మనకు హోరు వినిపిస్తుంది.

మరి 83 డిగ్రీలు ప్రమాదమా? కాదు. ఇంటెల్ డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో చాలావాటికి గరిష్ఠ పరిమితి 100 డిగ్రీలు. ఏఎండీ రైజెన్ 7000 వరుసలో ఎక్కువ వాటికి 95 డిగ్రీలు. ఆ గీత దగ్గరకు వస్తే ప్రాసెసర్ తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. హోరుతో పాటు కంప్యూటర్ నత్తనడక నడిచేది అందుకే. కాబట్టి పూర్తి పనిలో 80, 85 డిగ్రీల దగ్గర ఉంటే కంగారు పడక్కర్లేదు. 50 డిగ్రీలకు తేవాలని పట్టుబడితే మిగిలేది హోరే.

వేడిని చూడటానికి హెచ్‌డబ్ల్యూఇన్ఫో, కోర్ టెంప్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి. వాటితో ఒక చిన్న పరీక్ష చేయొచ్చు. బరువైన పని మొదలుపెట్టిన కొన్ని సెకన్లలోనే వేడి 90 దాటిపోతే, చిప్పుకు, హీట్ సింక్‌కు మధ్య పట్టు సరిగ్గా లేదు. పేస్ట్ ఎండిపోయి ఉంటుంది, లేదా హీట్ సింక్ వదులై ఉంటుంది. అలా కాకుండా పది, పదిహేను నిమిషాల్లో మెల్లగా పెరుగుతూ పోతే గాలి ఆడటం లేదని అర్థం. దుమ్ము చూసుకోవాలి. ఈ తేడా తెలిస్తే షాపులో ఏం అడగాలో కూడా తెలుస్తుంది.

మొదటి పని దుమ్ము దులపడం

రోడ్డు పక్క ఇల్లు, కింది అంతస్తు, పక్కనే కట్టుబడి పని.. ఇలాంటి చోట్ల కొన్ని నెలల్లోనే హీట్ సింక్ రెక్కల మధ్య దుమ్ము దూదిలా పేరుకుపోతుంది. ఫ్యాన్ ఎంత తిరిగినా గాలి లోపలికి పోదు.

కంప్యూటర్ ఆపి, ప్లగ్ తీసేయాలి. ఆ తర్వాత పవర్ బటన్‌ను కొన్ని సెకన్లు నొక్కి పట్టుకోవాలి. మెత్తని బ్రష్‌తో, చిన్న బ్లోయర్‌తో దుమ్ము తీయాలి. బాల్కనీలోనో వాకిట్లోనో చేస్తే మంచిది. బ్లోయర్ కొట్టేటప్పుడు ఫ్యాన్ రెక్కలను వేలితో ఆపి పట్టుకోవాలి. లేదంటే గాలి తాకిడికి విపరీతమైన వేగంతో తిరిగి బేరింగ్ పాడవుతుంది. తడిగుడ్డ వాడకూడదు. ఎస్ఎంపీఎస్ డబ్బాను మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ విప్పకూడదు. ప్లగ్ తీసినా దాని కెపాసిటర్లలో కరెంటు నిలిచి ఉంటుంది. బయటి జాలీ నుంచే దుమ్ము ఊదాలి. మూడు నెలలకోసారి ఇలా చేస్తే చాలా ఇళ్లలో హోరు సగం సమస్య ఇక్కడే తీరిపోతుంది.

రెండోది పేస్ట్

చిప్పుకు, హీట్ సింక్‌కు మధ్య కంటికి కనపడని గుంతలుంటాయి. అక్కడ గాలి నిలిస్తే వేడి దాటదు. వాటిని నింపేదే థర్మల్ పేస్ట్. కొన్నేళ్లకు అది ఎండిపోతుంది. కొత్త ట్యూబ్ కొన్ని వందల రూపాయల్లో దొరుకుతుంది. సికింద్రాబాద్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ లాంటి చోట్ల అడిగితే ఇస్తారు.

పాత పేస్ట్‌ను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో పూర్తిగా తుడిచి, బఠాణీ గింజంత కొత్తది పెడితే సరిపోతుంది. ఎక్కువ పూస్తే లాభం లేదు. ఏఎండీ పాత మోడళ్లలో హీట్ సింక్‌ను ఒక్కసారిగా పైకి లాగితే ప్రాసెసర్ కూడా ఊడి వస్తుంది. ముందు కంప్యూటర్‌ను కొద్దిసేపు నడిపి వెచ్చబెట్టి, ఆపి ప్లగ్ తీశాక మెల్లగా తిప్పుతూ తీయాలి. ఇంటెల్‌తో వచ్చే కూలర్‌కు నాలుగు మూలలా ప్లాస్టిక్ పిన్నులుంటాయి. వాటిలో ఒక్కటి సరిగ్గా దిగకపోయినా వేడి ఎగబాకుతుంది. చేయి అలవాటు లేనివాళ్లు ఈ పనిని మెకానిక్‌కు ఇవ్వడమే మేలు. ‘సర్వీసింగ్, పేస్ట్ మార్చడం’ అని స్పష్టంగా చెప్పి చేయించుకోవాలి.

పెద్ద ఫ్యాన్, తక్కువ వేగం

ఫ్యాన్ వేగం సగానికి తగ్గిస్తే గాలి కూడా సగమవుతుంది. శబ్దం మాత్రం దాదాపు 15 డెసిబెల్స్ పడిపోతుంది. 10 డెసిబెల్స్ తగ్గితేనే మన చెవికి సగమైనట్టు అనిపిస్తుంది. అంటే గాలిలో పోగొట్టుకునే దాని కంటే నిశ్శబ్దంలో దక్కేది చాలా ఎక్కువ. తగ్గిన గాలిని ఫ్యాన్ సైజు పెంచి రాబట్టుకోవచ్చు. 80 మిల్లీమీటర్ల ఫ్యాన్ కంటే 120 మిల్లీమీటర్ల ఫ్యాన్ వైశాల్యం రెండు రెట్లకు పైనే. చిన్న ఫ్యాన్ అరుస్తూ తోసే గాలిని పెద్దది మెల్లగా తిరుగుతూ తోసేస్తుంది.

క్యాబినెట్ ముందు భాగంలో జాలీ ఫిల్టర్‌తో గాలి లోపలికి లాగే ఫ్యాన్, వెనక బయటికి తోసే ఫ్యాన్ ఉంటే మామూలు ఇంటి పనికి చాలు. లోపలికి వచ్చే గాలి కాస్త ఎక్కువగా ఉంటే సందుల నుంచి దుమ్ము దూరడం తగ్గుతుంది. 2021లో ఆస్ట్రియా కంపెనీ నాక్టువా అసలు ఫ్యానే లేని ఎన్‌హెచ్-పీ1 అనే కూలర్ తెచ్చింది. అయితే అది క్యాబినెట్‌లో గాలి బాగా ఆడే చోటుకు చేసింది. మన మే నెల గదులకు మెల్లగా తిరిగే పెద్ద ఫ్యానే నయం. వాటర్ కూలర్ పెట్టినా అందులో పంపు, ఫ్యాన్లు ఉంటాయి. అది కూడా గది కంటే చల్లబరచలేదు.

పైసా ఖర్చు లేని మార్పులు

బయోస్‌లో ఫ్యాన్ సెట్టింగ్ ఉంటుంది. 60 డిగ్రీల దాకా తక్కువ వేగం, ఆ తర్వాత మెల్లగా పెంపు పెట్టుకోవచ్చు. వేగం మారే ముందు కొన్ని సెకన్లు ఆగే ఏర్పాటు కూడా చాలా బోర్డుల్లో ఉంది. మాటిమాటికీ పెరిగి తగ్గే శబ్దమే నిద్రను ఎక్కువ చెడగొడుతుంది. సన్నగా ఒకే తీరుగా ఉండే శబ్దాన్ని చెవి పట్టించుకోదు.

వేడి పుట్టడాన్నే తగ్గించే దారి కూడా ఉంది. విండోస్ పవర్ సెట్టింగుల్లో ప్రాసెసర్ గరిష్ఠ స్థాయిని 100 నుంచి 99 శాతానికి మారిస్తే చాలా ఇంటెల్ కంప్యూటర్లలో టర్బో వేగం ఆగిపోతుంది. ట్యాలీకి, ఎక్సెల్‌కు, వీడియో పాఠాలకు ఆ తేడా పెద్దగా తెలియదు. వేడి మాత్రం బాగా తగ్గుతుంది. చాలా ఏఎండీ బోర్డుల్లో ఇదే పనికి ఎకో మోడ్ ఉంది.

పెట్టె ఎక్కడ పెడుతున్నారు?

బల్ల కింద మూసిన అరలో పెడితే అది వదిలిన వేడి గాలినే మళ్లీ పీలుస్తుంది. వెనక కనీసం జానెడు జాగా ఉండాలి. నేల మీద కాకుండా చిన్న పీట మీద పెడితే ఊడ్చే దుమ్ము తక్కువ వెళ్తుంది. పెట్టె కింద రబ్బరు ముక్కలు పెడితే అదురు తగ్గుతుంది. పక్క మూత తీసి టేబుల్ ఫ్యాన్ పెట్టడం మనకు అలవాటే. వేడి కొంత తగ్గినా లోపల దుమ్ము నింపేస్తుంది, చిన్న పిల్లల చేతులు పడే ప్రమాదం కూడా ఉంది. ఎయిర్ కూలర్ తడి గాలి నేరుగా తగలనివ్వకూడదు. తడికి దుమ్ము అంటుకుని గట్టిపడుతుంది.

చివరగా ఖర్చు వరుస. ముందు దుమ్ము, సెట్టింగులు.. వీటికి ఖర్చు లేదు. తర్వాత పేస్ట్. అప్పటికీ హోరు తగ్గకపోతే 120 మిల్లీమీటర్ల ఫ్యాన్ లేదా కొంచెం పెద్ద కూలర్. పాత హార్డ్ డిస్క్ చప్పుడు చేస్తుంటే ఎస్ఎస్‌డీ, దానికి తిరిగే భాగాలే లేవు. ఇవన్నీ అయ్యాక కూడా కంప్యూటర్ తనంతట తానే ఆగిపోతుంటే, అప్పుడు బోర్డు, ఎస్ఎంపీఎస్ పరీక్ష చేయించాలి. కొత్త కంప్యూటర్ మాట ఆ తర్వాతే.