అడవి బంగళాలో పడక, ఇంటికొచ్చాక జ్వరం

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడల నుంచి నల్లమల చూడబోయేవారు, అనుమతి దొరికితే ఏ పాత అటవీ బంగళాలోనో ఒక రాత్రి గడపాలని ముచ్చటపడతారు. తప్పక వెళ్ళండి. కాని దోమతెర మరచిపోకండి సుమా! మలేరియాను మోసే అనాఫిలిస్ దోమ పొద్దుగూకింది మొదలు తెల్లవారేదాకా కుడుతుంది. 1897లో రోనాల్డ్ రాస్ ఆ దోమ కడుపులో మలేరియా క్రిమిని కనిపెట్టింది మన సికింద్రాబాదులోనే. చీకటి పడకముందే పొడుగు చేతుల చొక్కాలు తొడుక్కోండి. తెర అంచులు పరుపు కిందికి దోపండి. మన్ననూరు దాటాక శ్రీశైలం రోడ్డుపై రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా వాహనాలను వదలరు. కనుక రోజూ వాడే మందులు వెంట ఉంచుకోండి.

అసలు ప్రమాదం తిరిగి వచ్చాకే. దోమ కుట్టిన వారం రోజులకు గాని జ్వరం రాదు. ఒక్కొక్కప్పుడు నెలలు పడుతుంది. అప్పటికి అడవి సంగతి మనకే గుర్తుండదు. చలి, వణుకు, తలనొప్పితో జ్వరం వస్తే ఎండదెబ్బ అనుకొని మాత్ర మింగి ఊరుకోకండి. ఆ రోజే రక్తపరీక్ష చేయించండి. "అడవిలో పడుకున్నాను" అని డాక్టరుకు మొదటే చెప్పండి. ఫాల్సిపారం రకం ముదిరితే మెదడుకెక్కి ప్రాణం తీస్తుంది. గర్భిణులకు, పసిపిల్లలకు ముప్పు మరీ ఎక్కువ. సకాలంలో మందు పడితే నయమయ్యే జబ్బే ఇది.